మందు కొట్టాక కాయ ఎప్పుడు కోయాలి?

కోలారు, చింతామణి, శ్రీనివాసపురం, హోసూరు వైపు మన తెలుగు కుటుంబాలు ఎన్నో టమాటా, వంగ, బెండ, మామిడి పంటలతో బతుకుతున్నాయి. తినేవాళ్లకు ఆ కాయ మేలు చేయాలంటే ఏ మందు కొట్టారన్నదే కాదు, కొట్టిన ఎన్ని రోజులకు కోశారన్నదీ ముఖ్యం. ఆ రోజుల లెక్క మందుతో వచ్చే కరపత్రంలోనే ఉంటుంది.

చిక్కల్లా భాషతోనే. 1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం లేబులు, కరపత్రం ఇంగ్లీషుతో పాటు ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న భాషలో అచ్చు వేయాలి. కోలారులో అది కన్నడం, హోసూరులో తమిళం. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పెద్దల్లో, కూలికి వెళ్లే ఆడవాళ్లలో ఆ లిపి రానివాళ్లు ఉన్నారు. వాళ్లకు అంగడివాడు చెప్పిందే లెక్క. బడికి వెళ్లే పిల్లల చేత కరపత్రం చదివించి తెలుగులో చెప్పించుకోండి. సీసా మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి.

కరపత్రంలో చూడాల్సినవి

1. పంట పేరు: మీ పంట పేరు అందులో లేకపోతే ఆ మందు మీ పంటకు కాదు. ఉదాహరణకు మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు.

2. మోతాదు: ఎకరానికో హెక్టారుకో చూసుకోండి. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు.

3. ఆగాల్సిన రోజులు: చివరిసారి మందు కొట్టిన నాటి నుంచి కోత వరకు ఆగాల్సిన గడువు. ఒకే మందుకు ఒక్కో పంటకు ఒక్కో గడువు ఉండవచ్చు.

సీసా మీది రంగు త్రికోణం వేరే సంగతి. ఎరుపు అతి తీవ్ర విషం, పసుపు తీవ్రం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ. ఆకుపచ్చ ఉంది కదా అని మర్నాడే కోయకూడదు.

గడువు ఆగలేకపోతే?

బెండ రెండు మూడు రోజులకోసారి కోయాల్సిందే. వారం ఆగితే బెండకాయ ముదిరిపోతుంది, రైతుకు నష్టం. ఆ నష్టం ఊరికే భరించమని మేము చెప్పలేం. అందుకే కాపు మొదలయ్యాక మందు అవసరమే తగ్గేలా ముందు నుంచీ చూసుకోవాలి.

టమాటాలో 16 వరుసలకు ఒక వరుస బంతి వేస్తే కాయతొలిచే పురుగు బంతి మీద గుడ్లు పెడుతుంది. వంగలో వాడిన కొమ్మల చివర్లు తుంచి నాశనం చేయాలి. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు కట్టాలి. 100 లీటర్ల నీటికి 5 కిలోల వేప గింజల పప్పు చొప్పున కషాయం చేసి సాయంత్రం పూట కొట్టాలి.

మామిడికి ఇంకో జాగ్రత్త. కార్బైడుతో పండ్లు మాగబెట్టడం చట్టరీత్యా నిషేధం. ఇథిలీన్ వాయువుతో, 100 పీపీఎం మించకుండా, మాగబెట్టవచ్చు. కార్బైడు పొట్లాలు పెట్టే వ్యాపారికి తోట అప్పగించకండి.

సందేహం వస్తే రైతు కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కర్ణాటకలో హోబళి రైత సంపర్క కేంద్రంలోనూ అడగవచ్చు. మందు కొట్టిన తేదీ, కోయదగిన తేదీ ఇంటి క్యాలెండరు మీద తెలుగులో రాసుకోండి. సంతకు పంపే కాయా, మనింట్లో వండుకునే కాయా ఒకే చేనులోది.