పన్నులో తగ్గింపు: ఆదాయమునకు కొలత యేది?

కంభమునుండి అర్ధవీడునకు పోవు త్రోవలో ఇరుప్రక్కల మెట్టచేలు, వానికావల నల్లమల కొండల వరుస కనబడును. కొన్నేండ్ల క్రిందట గ్రామీణ కార్యక్రమమునకై మాటలు రికార్డు చేయుటకు మేము ఆ త్రోవన పోయితిమి. ఒకచోట ఆగి మంచినీరు త్రాగుచుండగా ఒక వృద్ధ రైతు చేత కాగితము పట్టుకొని మా యొద్దకు వచ్చెను. అది ఆదాయ ధ్రువపత్రము కొరకు పెట్టుకొను దరఖాస్తు. మమ్ము కచేరీవారమని తలచెను కాబోలు, "ఆదాయం అంటే ఏ యేటిది రాయాలి సార్? పోయినేడు కంది బాగా పండింది. ఈ యేడు ఇత్తనాల ఖర్చు గూడ రాలేదు" అని అడిగెను. విశ్వవిద్యాలయములో చరిత్ర చదివిన మాకు వెంటనే సమాధానము తోపలేదు.

ఆ ప్రశ్న ఆ కాగితముతో పుట్టినది కాదు. పన్ను వేయు ప్రతి ప్రభుత్వమును ఆ ప్రశ్నను ఎదుర్కొనవలసినదే. పన్ను అందరికిని వేయుదురు; ఇచ్చుకొనలేని వానికి తగ్గింతురు. ఇచ్చుకొనలేనివాడెవ్వడో తేల్చుటకు రెండు దారులు కలవు. పొలమును, ఇంటిని చూచి తేల్చుట ఒకటి. మనిషి రాబడిని విచారించి తేల్చుట రెండవది. పొలము కదలదు, ఇల్లు దాగదు. రాబడి మాత్రము ఏటికేడు మారును. పైగా దానిని ఎవరో ఒకరు చెప్పవలెను, మరియొకరు నమ్మవలెను. ఈ రెండు దారుల నడుమ మన సీమ రెండు వందల యేండ్లకు పైగా నడచిన నడక యెట్టిదో శ్రోతలకు కొంత వివరింపదలచితిమి.

1800 అక్టోబరులో నిజాము ప్రభువు ఈస్టిండియా కంపెనీతో చేసికొన్న సంధివలన బళ్లారి, అనంతపురము, కడప సీమలతోపాటు కంభము, దూపాడు సీమలును కంపెనీ వశమయ్యెను. ఇవియే దత్తమండలములు. కంభము ప్రాంతము మొదట కడప జిల్లాలోనుండి, 1858లో కర్నూలు జిల్లాకును, 1970లో నూతనముగా ఏర్పడిన ఒంగోలు జిల్లాకును మారినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పంతులు పేరు పెట్టిరి. జిల్లా కచేరీ మారినప్పుడెల్ల రైతు అర్జీ పట్టుకొని పోవలసిన ఊరును మారినది.

దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఆ యుద్యోగములో నుండెను. అంతకు పూర్వము గ్రామముపై ఒక మొత్తము పడుట, దానిని రెడ్డియు కరణమును ఇంటింటికి పంచుట పలుచోట్ల వాడుక. రూపాయిని పదునారు వీసములుగా భావించి, ఎవరి శక్తికి తగిన వీసములు వారు మోయుదురు. వినుటకు ఇది న్యాయముగానే యుండును. కాని శక్తిని నిర్ణయించువాడు పంచువాడే. పలుకుబడిగల ఇంటికి వీసములు తగ్గును. కష్టపడి ఎద్దులజత కొనుక్కొన్నవానికి మరునాటికి వీసములు పెరుగును. ఇక ఎద్దులు కొనుటయెందుకు?

మన్రో ఈ పద్ధతిని మార్చి, 1802 మొదలు 1807 వరకు పొలము పొలమును కొలిపించి, నేల గుణమునుబట్టి ప్రతి పొలమునకు శిస్తు నిర్ణయింపజేసెను. రైతు తన తెలివిచే ఎక్కువ పండించుకొన్నను శిస్తు పెరుగరాదనుట రైతువారీ పద్ధతికి మూలసూత్రము. ఆ సూత్రము మంచిది. అయినను కరవు వచ్చినప్పుడు, ఎద్దులు చచ్చినప్పుడు నేల గుణము అన్నము పెట్టదు గదా. అందుచే ప్రతి ఫసలీ జమాబందిలో ఇచ్చుకొనలేని రైతునకు వజా, అనగా శిస్తులో తగ్గింపు, ఇయ్యవలసి వచ్చెను. అనగా తలుపున వెడలగొట్టిన రాబడి విచారణ కిటికీగుండ మరల లోనికి వచ్చినది. ఫలానావాడు నిజముగా లేనివాడా యని ఊరివారిని అడుగుదురు; నమ్మకము చాలనిచో పొరుగూళ్ల రెడ్లను, కరణములను పిలిపింతురు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. చరిత్ర పుస్తకములు దీనిని ఒక్క వాక్యముతో దాటిపోవును, మాకు మాత్రము ఇదియే ముఖ్యముగా తోచినది. ఒక రైతు చెల్లింపలేక పోయిన బాకీని ఆ గ్రామములోని తక్కిన రైతులు నూటికి పది వంతులకు మించకుండ భరింపవలెనని నాటి నిబంధన. కావున పొరుగువాడు పేదవాడని సాక్ష్యము చెప్పినచో, ఆ పేదరికపు బరువులో కొంత సాక్షి నెత్తినే పడును. అట్టి ఊరిలో ఒకని లేమిని గూర్చి మరియొకడు ఎంత స్వేచ్ఛగా మాటలాడియుండునో శ్రోతలే ఊహింపవచ్చును.

మరియొక భేదము అర్ధవీడు వంటి ఊళ్లకు సూటిగా తగులును. చెరువు క్రింది మాగాణి నీరందక ఎండినచో శిస్తు తగ్గించుట పరిపాటి. మెట్టచేనికి సాధారణముగా ఆ తగ్గింపు లేదు. మెట్ట శిస్తు తక్కువ గనుక, మంచియేడు మిగిలినదానితో చెడ్డయేడు గడుపుకొనవలెనని దొరల వాదము. గుండ్లకమ్మ నీటిని ఆపి విజయనగర కాలమున కట్టిన కంభము చెరువు ఆయకట్టులో ఒక చెక్క నేలయున్నవాడు వజాకు అర్జీ పెట్టుకొనవచ్చును. నాలుగు క్రోసుల దూరమున నల్లమల పాదమున ఆకాశమునే నమ్ముకొన్నవానికి ఆ దారి లేదు. ఎవనికి ఎక్కువ ఆపదయో వానికే తక్కువ ఆదరవు.

ఈ విచారణల బాధనుండి తప్పించుకొనుటకు మన్రో చూపిన ఉపాయము సులభమైనది. శిస్తునే అందరికిని నూటికి 25 వంతుల చొప్పున, బావుల క్రిందను చెరువుల క్రిందను సాగగు భూములకు 33 వంతుల చొప్పున తగ్గింపవలెనని ఆయన 1807లో వ్రాసెను. పన్నే మోయదగినట్లున్నచో తగ్గింపునకై చేయి చాచువారు కొద్దిమందియే యుందురు. మదరాసు ప్రభుత్వము అప్పుడు అంగీకరింపక గ్రామములను గుత్తకిచ్చెను, గుత్తలు చెడినవి. 1820లో మన్రో గవర్నరై వచ్చిన పిమ్మటనే రైతువారీ పద్ధతియు, తగ్గింపును ఈ సీమలో స్థిరపడినవి. ఆయన చేసిన పనులలో పేరుమోసినవి వేరే యున్నను, మా దృష్టిలో ఈ సూచనయే మిన్న.

భూమిలేనివారి మాట యేమి? సాలెవానికి మగ్గముపైనను, కోమటికి అంగడిపైనను, కంసాలికి కొలిమిపైనను మొహతర్ఫా యను పన్ను ఉండెడిది. ఇది పనిముట్టును చూచి వేసినట్లు కనబడినను, నిజమునకు ఎవడెంత గడించునోయను ఊహపై నడచెడిది. మదరాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు స్థాపించిన నేటివ్ అసోసియేషను 1852లో బ్రిటిషు పార్లమెంటునకు పంపిన మహజరులో ఈ పన్నును గూర్చి మొఱపెట్టుకొనెను. 1855 నాటి విచారణ సంఘము, పన్ను వసూలునకై రైతులను చిత్రహింసలు పెట్టుట నిజమేయని తేల్చెను. తుదకు 1860 తరువాతి తొలియేండ్లలో మొహతర్ఫా రద్దయ్యెను.

ఆ కాలముననే ఆదాయపుపన్నును వచ్చెను. 1860లో జేమ్స్ విల్సను ప్రవేశపెట్టిన ఆ పన్నులో ఏటికి 200 రూపాయలకు తక్కువ రాబడిగలవారికి మినహాయింపు. 200 మొదలు 500 లోపు వారికి నూటికి 2. ఆపైవారికి నూటికి 4. లెక్క వేసి చూడుడు. ఏటికి 499 రూపాయలు వచ్చువాడు సుమారు 10 రూపాయలు చెల్లించును. 500 వచ్చువాడు 20 చెల్లించును. ఒక్క రూపాయి ఎక్కువ గడించినందుకు పదిరూపాయలు పోవును! మదరాసు గవర్నరు చార్లెస్ ట్రెవెలియను ఈ పన్నును బహిరంగముగా ఎదిరించి పదవినే పోగొట్టుకొనెను. క్రింది తరగతిపై పన్నును రెండేండ్లలోనే ఎత్తివేసిరి. అటుపిమ్మట చట్టములు మారినవి గాని, ఈ మెట్టుదగ్గర తొట్రుపాటు పూర్తిగా పోలేదు. దాని మాట మరల వచ్చును.

1876–78 నాటి మహాక్షామములో రాబడి అడుగనవసరములేని మరియొక కొలత పుట్టెను. ఇంటికి దూరముగా పోయి రాళ్లు కొట్టుటకు సిద్ధపడినవాడే పేదవాడు. రిచర్డు టెంపులు నిర్ణయించిన కూలి మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనములో పావువంతునకు పైగా తగ్గిపోయిరి. ఈ కొలతను గూర్చి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఊరి పన్నును గూర్చి మనవారు చేసిన గొప్ప పోరాటము చీరాల పేరాలలో జరిగినది. 1919లో ఆ రెండూళ్లను కలిపి పురపాలక సంఘముగా చేయగా పన్నులు పెరిగినవి. అచ్చటి జనములో నేతవారు పెక్కుమంది. నేతవానికి ఇల్లే కార్ఖానా. మగ్గమునకు చోటు కావలెను గనుక ఇల్లు పెద్దది, రాబడి చిన్నది. ఇంటినిబట్టి పన్ను వేసినచో పేదవానికి న్యాయము జరుగునను నమ్మకమునకు ఇది గట్టి అడ్డు. 1921లో గాంధీజీ చీరాలకు వచ్చి, ఊరు విడుచుట ఒక మార్గమని సూచించిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలాది ప్రజలు పురపాలక సంఘపు ఎల్ల దాటి, రామనగరమని పేరిడిన పాకలలో సుమారు పదునొకండు నెలలు ఎండకును వానకును ఓర్చి నివసించిరి.

ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్ల పన్ను నేడు ఈ రెండు దారులను కలిపి నడుచుచున్నది. 1993లో వచ్చిన కౌన్సిలు పన్ను ఇంటి విలువనుబట్టి వేసినది. అందులో తగ్గింపు మాత్రము ఇంటివారి రాబడినిబట్టి యిచ్చునది. ఇందు మనము గమనింపదగిన యుక్తి కలదు. నిర్ణీతమైన హద్దును రాబడి దాటగానే సాయము నిలిచిపోదు. హద్దుకు పైన ప్రతి పౌనుకు 20 పెన్నీల చొప్పున మాత్రమే సాయము తగ్గును. వారమునకు 10 పౌన్లు ఎక్కువ గడించినవానికి 2 పౌన్ల సాయము తగ్గి, ఈ పద్దుక్రింద 8 చేత మిగులును. మెట్టుకు బదులు వాలు అన్నమాట. అయితే 2013 ఏప్రిలునుండి పనిచేయు వయసువారి విషయమున ఏ కౌన్సిలు నియమము ఆ కౌన్సిలుదే. నెలనెలకు మారు రాబడులతో లెక్క చిక్కుపడగా, పెక్కు కౌన్సిళ్లు వాలును విడిచి రాబడిని తరగతులుగా కోసి, తరగతికింత తగ్గింపని పెట్టినవి. విల్సనుగారి మెట్లు ఆయన పుట్టిన దీవిలోనే మరల వెలసినవి!

మన యింటికి వత్తము. రేడియోకు లైసెన్సు ఉన్న దినములు మా శ్రోతలలో పెద్దలకు జ్ఞాపకముండును. 1980 తరువాత రద్దైన ఆ రుసుము సెట్టునుబట్టి తగ్గుటయో హెచ్చుటయో ఉండెడిదేగాని, వినువాని రాబడిని ఏనాడును అడుగలేదు. పంచాయతీ ఇంటిపన్నును అట్టిదే. అది కట్టడమును చూచును, కాపురమును చూడదు. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘములలో 2020 నాటి సవరణవలన 375 చదరపుటడుగులకు మించని ఇంటిలో యజమానియే కాపురమున్నచో ఏటికి 50 రూపాయలే పన్ను. ఇచ్చట పేదరికమునకు కొలత టేపు. అది తప్పవచ్చును, చీరాల నేతవాని విషయమున తప్పియే యుండును. కాని టేపు ముందు ఎవ్వరును చేతులు కట్టుకొని నిలువనక్కరలేదు.

వృత్తిపన్ను మాత్రము రాబడినే అడుగును. ఒకప్పుడు స్థానిక సంస్థలు అరసంవత్సరపు ఆదాయమును తరగతులుగా విభజించి ఈ పన్ను వేసెడివి. 1987 చట్టముచే రాష్ట్రప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొన్నది. 2013నాటి రేట్ల ప్రకారము నెలకు 15,000 రూపాయల వరకు జీతగానికి పన్ను లేదు. 15,001 అయినచో నెలకు 150; 20,000 దాటినచో 200. ఒక్క రూపాయి జీతము పెంచిన యజమాని ఆ నౌకరుకు 149 రూపాయలు నష్టము కలిగించినవాడగును. 1860 నాటి లెక్కయే! 2019లో బియ్యపుకార్డులకు పెట్టిన నియమములలోను గ్రామములందు నెలకు 10,000 రూపాయల హద్దు. దానికితోడు పది యెకరములకు మించని మెట్ట, 300 యూనిట్లకు మించని కరెంటు మొదలగునవి. 1984లో కరణములు పోయిరి. కరణము పుస్తకమునకు బదులు కరెంటు మీటరు సాక్ష్యము చెప్పుచున్నది. లంచము పుచ్చుకొనకపోవుట దాని గుణము. ఉమ్మడి మీటరు క్రింద మూడు కాపురములున్నవని చెప్పలేకపోవుట దాని దోషము.

పశ్చిమ ప్రకాశములో వర్షము తప్పినయేడు హైదరాబాదునకో బెంగళూరునకో ఇండ్లపనికి పోయి నాలుగు మాసములు కూలి తెచ్చుకొను కాపురములు పెక్కు గలవు. ఆ నాలుగు మాసముల కూలిని పన్నెండుతో భాగింపవలెనా, నాలుగుతోనా? నాలుగుతో భాగించినచో వాడు హద్దు దాటినవాడు. పన్నెండుతో భాగించినచో దాటనివాడు. మనిషి ఒక్కడే, కూలియు ఒక్కటే.

అర్ధవీడు త్రోవలో ఆ పెద్దమనిషికి మేము తుదకు ఒక సలహా చెప్పితిమి. గడచిన మూడేండ్ల రాబడిని కూడి, మూడింట భాగించి, ఆ సగటును వ్రాయుమంటిమి. ఆయన కాగితమును అటునిటు త్రిప్పి చూచి, మడిచి జేబులో పెట్టుకొనుచు, "ఇందులో సగటుకు గడి లేదు సార్" అనెను.