ఆంప్లిజెన్: అనుమతుల చరిత్ర

దీర్ఘకాలిక అలసట వ్యాధికి చికిత్సగా అమెరికాలో పరీక్షించిన ఔషధం ఆంప్లిజెన్. దీని జెనరిక్ నామం రింటాటోలిమోడ్. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ రూపంలోని ఈ కృత్రిమ పదార్థం రోగనిరోధక వ్యవస్థను ప్రేరేపిస్తుంది. దీన్ని వారానికి రెండుసార్లు సిర ద్వారా ఎక్కిస్తారు.

హెమిస్ఫెరిక్స్ బయోఫార్మా సంస్థ 2007లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు దరఖాస్తు చేసింది. మూడో దశ పరీక్షలో 234 మంది రోగులు పాల్గొన్నారు. ట్రెడ్‌మిల్‌పై వారు ఎంతసేపు నడవగలరన్నదే ప్రధాన కొలమానం. 2009లో ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించింది. 2012 డిసెంబరులో సలహా సంఘం విచారణ జరిగింది. ఔషధం కోసం పలువురు రోగులు అక్కడ గట్టిగా విజ్ఞప్తి చేశారు. అయినా ప్రయోజనానికి తగిన ఆధారాలు లేవని, భద్రతా సమాచారం చాలదని చెబుతూ 2013 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ మళ్లీ తిరస్కరించింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ ఈ వ్యాధిపై రోగుల అనుభవాలను నేరుగా విన్నది. 2014లో ఔషధ పరీక్షలకు ముసాయిదా మార్గదర్శకాలు వెలువరించింది. శ్రమ తర్వాత లక్షణాలు ముదరడం వంటి రోగుల బాధను పరీక్షలు కొలవాలన్న దృష్టికి ఇది బలమిచ్చింది. మరోవైపు, వ్యాధి తీవ్రంగా ఉన్న రోగులకు ఆంప్లిజెన్ వాడకాన్ని అర్జెంటీనా 2016లో అనుమతించింది.