ఇటాలియన్ భాషలో ప్రశ్న, జవాబు
ఇటాలియన్‌లో అవును, కాదు అని బదులు కోరే ప్రశ్నకు ప్రత్యేక వాక్య నిర్మాణం అక్కర్లేదు. ‘పార్లి ఇతాలియానో’ అంటే ‘నువ్వు ఇటాలియన్ మాట్లాడతావు’. చివర గొంతు పైకి లేపితే అదే ప్రశ్న. తెలుగులో ‘మాట్లాడతావా’లోని దీర్ఘం చేసే పని అక్కడ స్వరం చేస్తుంది. జవాబు ‘సీ’ లేదా ‘నో’. క్రియకు ముందు ‘నోన్’ చేరిస్తే వ్యతిరేకార్థం వస్తుంది. కర్త ఎవరో క్రియ చివరి అక్షరాలే చెబుతాయి కనుక ‘నేను’, ‘నువ్వు’ తరచూ లోపిస్తాయి.

కి (ఎవరు), దోవె (ఎక్కడ), క్వాందో (ఎప్పుడు) వంటి ప్రశ్నపదాలు సాధారణంగా వాక్యం మొదట్లో వస్తాయి. ‘పెర్కె’ అడగడానికీ, కారణం చెప్పడానికీ పనికొస్తుంది.

కొత్తవారు ఎక్కువగా తడబడేది మర్యాద దగ్గర. స్నేహితుణ్ణి ‘కోమె తి క్యామి?’ అని పేరు అడగవచ్చు. పరిచయం లేని పెద్దవారినైతే ‘కోమె సి క్యామా?’ అనాలి. ఇక్కడ లోపించిన గౌరవ సర్వనామం ‘లేయ్’. నిజానికి అది ‘ఆమె’ అనే సర్వనామమే, అయినా మగవారికీ వర్తిస్తుంది! 1938లో ముసోలినీ ఫాసిస్టు ప్రభుత్వం దాని బదులు ‘వోయ్’ (మీరు) వాడాలని ఒత్తిడి తెచ్చింది. ఫాసిస్టు పాలన పోయాక ‘లేయ్’ మళ్లీ నిలదొక్కుకుంది. దక్షిణ ఇటలీలో మాత్రం పెద్దలను ‘వోయ్’ అనడం ఇప్పటికీ వినిపిస్తుంది.