పెరట్లోంచి కుండీలోకి

పెరట్లో అరటికి ఎవరూ పనిగట్టుకుని నీళ్లు పోసేవారు కారు. స్నానాల నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు కాలవ కట్టుకుని దాని మొదట్లోకే పోయేవి. కరివేపాకు, గోరింట, మందారం, పందిరెక్కిన ఆనపపాదు అన్నీ ఇంటి వాడకం నీటి మీదే బతికాయి. పొయ్యి బూడిద, పశువుల పేడ వాటికి ఎరువు. అదీ చాలకపోతే వేళ్లు లోతుకు దిగి తమ తిండి తామే వెతుక్కునేవి. ఆ వేళ్లకు చుట్టూ గోడ కట్టిన రోజు నుంచి ఆ భారం మనిషిది. ఇంటి మొక్కల పెంపకం చరిత్రంతా నాకు ఇలాగే కనిపిస్తుంది: నేల చేసే పనులు ఒక్కొక్కటే మన నెత్తిన పడుతూ వచ్చాయి.

వేళ్లకు గోడ కట్టడం కొత్తదేమీ కాదు. క్రీ.పూ. 15వ శతాబ్దంలో ఈజిప్టు రాణి హాట్‌షెప్‌సుత్ పుంట్ దేశం నుంచి సాంబ్రాణి చెట్లను వేళ్లతో సహా బుట్టల్లో తెప్పించుకుంది. ఆ దృశ్యం దేర్ ఎల్-బహ్రీ ఆలయం గోడల మీద ఇప్పటికీ ఉంది. ఏథెన్సు స్త్రీలు అడోనిస్ పండుగకు పగిలిన కుండల్లో లెట్యూస్, సోపు గింజలు చల్లి ఇంటికప్పు మీద పెట్టేవారు. అవి మొలిచి వాడిపోయాక నీళ్లలో వదిలేసేవారు. పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించి, తర్వాత నీటిలో కలిపే మనకు ఇది వింతగా అనిపించదు. అయితే ఈ రెండు చోట్లా మొక్క కలకాలం బతకాలన్న పట్టింపు లేదు. ఆ పట్టింపుతో తెలుగిల్లు కట్టుకున్న తొట్టి తులసికోట. పొద్దున్నే చెంబెడు నీళ్లు పోయడం పూజలో భాగమైంది కాబట్టి మరిచిపోయే ప్రసక్తే లేదు. (ఎక్కువ పోసే ప్రమాదం మాత్రం ఉండేది. మొదట్లో నీరు నిలిస్తే తులసి తట్టుకోలేదు.)

ఎరువు సంగతీ పాతదే. సుమారు వెయ్యేళ్ల కిందటి సురపాలుడి ‘వృక్షాయుర్వేదం’ రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దాన్ని నళినీ సాధలే ఇంగ్లీషు అనువాదంతో 1996లో సికింద్రాబాదులోని ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. అందులో చెప్పిన కుణపజలం జంతువుల మాంసం, కొవ్వు ఉడికించి, నువ్వుల చెక్క, మినుములు, తేనె, నెయ్యి వంటివి చేర్చి పులియబెట్టే ద్రవం. నేటి జీవామృతం వెనకున్న ఆలోచనా ఈ పులియబెట్టడమే. కాకపోతే, అపార్టుమెంటు బాల్కనీలో కుణపజలం కాచే సాహసం ఎవరికీ చెప్పను.

మన కుండీల్లోని మొక్కల్లో చాలావాటికి ఈ నేలతో పాత చుట్టరికం లేదు. బంతి మెక్సికో నుంచి, కాగితంపూలు దక్షిణ అమెరికా నుంచి, మనీప్లాంటు పసిఫిక్ దీవి మూరియా నుంచి వచ్చాయి. మొక్కల రవాణాకు తెలుగునేల కూడా మజిలీయే. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో మిరియాలు వంటి పంటలను ప్రయోగాత్మకంగా పెంచాడు, 1793లో కలకత్తాలోని కంపెనీ వృక్షశాస్త్ర తోటకు వెళ్లాడు. కోరమాండల్ తీరం మొక్కల మీద ఆయన వెలువరించిన బొమ్మల గ్రంథంలో చాలావాటి తెలుగు పేర్లు కూడా ఉన్నాయి.

అప్పట్లో ఓడ మీద మొక్కలు ఉప్పుగాలికి, మంచినీటి కరువుకి చచ్చిపోయేవి. ఈ చిక్కును విప్పింది లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్, అదీ అనుకోకుండా. 1829లో చిమ్మట గూడును తడిమట్టితో సీసాలో పెట్టి మూత వేస్తే, ఆ మట్టిలోంచి ఫెర్న్, గడ్డి మొలిచాయి. బయట బొగ్గుపొగకు ఆయన తోటలో బతకని ఫెర్న్ లోపల పెరిగింది. ఆకులు వదిలిన తేమ గాజుకు పట్టి తిరిగి మట్టిలోకే దిగింది. 1833లో అలాంటి గాజు పెట్టెలు సిడ్నీకి వెళ్లి, అక్కడి మొక్కలతో క్షేమంగా తిరిగొచ్చాయి. నర్సరీ యజమాని జార్జ్ లాడిజెస్ లెక్కలో అంతకుముందు ఇరవైలో పంతొమ్మిది చస్తే, వీటితో పంతొమ్మిది బతికాయి. చైనా తేయాకు మొక్కలను మొక్కల సేకర్త రాబర్ట్ ఫార్చూన్ హిమాలయాలకు చేర్చింది ఈ పెట్టెల్లోనే. దొంగతనంగా అని కూడా చేర్చాలి.

మట్టి మాత్రం చాలాకాలం తోటమాలి చేతివాటం మీదే నడిచింది. 1930లలో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థలో లారెన్స్, న్యూవెల్ అనే పరిశోధకులు దానికి కొలత పెట్టారు: ఆవిరితో శుద్ధిచేసిన మట్టి 7 పాళ్లు, పీట్ (చిత్తడినేలల్లో పేరుకున్న నాచుమట్టి) 3, ఇసుక 2, కొద్దిగా ఎరువులు. మనకు పీట్ లేదు, కొబ్బరిపొట్టు ఉంది. ఉప్పునీటిలో నానిన పీచు నుంచి వచ్చిన పొట్టులో ఉప్పు మిగిలి ఉంటుంది, కడిగాకే వాడాలి.

ఇక అమ్మే మొక్కలంటే తెలుగువాళ్లకు రాజమండ్రి దగ్గరి కడియమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల వెంట నీరూ ఒండ్రూ చేరిన నేల అది. అక్కడి నుంచి లారీల్లో బయల్దేరిన మొక్కలు పట్నాల్లో డాల్డా డబ్బాలు, నూనె డబ్బాలు, సిమెంటు కుండీలు, ప్లాస్టిక్ బకెట్లు, చివరికి గ్రోబ్యాగుల్లో కాపురం పెట్టాయి. పెరడు లేని ఇంటికి మిద్దె మిగిలింది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారులో తన ఇంటిపైన పెంచిన మిద్దెతోట చాలామందిని మేడ మెట్లు ఎక్కించింది.

మట్టికుండీ గోడల్లోంచి తేమ ఆరేది. ప్లాస్టిక్‌లో ఆరదు. నీళ్ల అలవాటు మాత్రం మారలేదు, అందుకే కుండీ మొక్కల్లో ఎండి చచ్చేవాటితో పాటు కుళ్లి చచ్చేవీ ఎక్కువే. అడుగున కుండపెంకులు మందంగా పరిస్తే నీరు దిగుతుందన్నదీ పాత నమ్మకమే. నిజానికి తడి ఆ పెంకుల పైనున్న మట్టిలోనే ఆగి, వేళ్లకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక్క పెంకు చాలు. నీళ్లు పోసేముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూడండి, తడి తగిలితే ఆ పూటకు చెంబు పక్కన పెట్టేయండి.