రాజమండ్రి జైలు, రాజమండ్రి జడ్జి

మా ఉంగుటూరు వైపు ఎవరైనా నేరం చేసి దొరికితే ముందుగా వినపడే మాట, "ఇక రాజమండ్రే." సెంట్రల్ జైలు అని విడిగా చెప్పక్కర్లేదు. దోషి అని తేలాక కూడా మనిషి ఇంటి దగ్గరే ఉండే వీలుందన్న సంగతి మాత్రం ఎవరి నోటా వినలేదు. నిజానికి అది పాత సంగతే. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1936లో, మద్రాసు ప్రొబేషన్ చట్టం చేశారు. 1958లో కేంద్ర చట్టం వచ్చింది.

ఇక్కడ మూడు మాటలు కలిసిపోతుంటాయి. జైల్లో ఉన్నవాడు కొన్నాళ్లు బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్తే పెరోల్. మిగిలిన శిక్షని ప్రభుత్వం మాఫీ చేస్తే రెమిషన్. అసలు జైలుకే పంపకుండా, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని వదిలితే ప్రొబేషన్. యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, 21 ఏళ్లు నిండనివాళ్లని జైలుకి పంపడానికి జడ్జి కారణాలు రాయాలి.

ఈ చట్టాన్ని గట్టిగా నిలబెట్టిన తీర్పు రాసింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 1962 మే 31న గుర్గావ్‌లో ఓ పదహారేళ్ల కుర్రాడికి ఆరు నెలల కఠిన శిక్ష పడింది. ఇంట్లోకి చొరబడి ఏడేళ్ల పాపతో అసభ్యంగా ప్రవర్తించబోయాడన్నది నేరం. 1958 చట్టం ఆ ప్రాంతంలో అమల్లోకొచ్చింది అదే ఏడాది సెప్టెంబర్ 1న. అంటే శిక్ష పడ్డ మూడు నెలలకి. అప్పీలులో గానీ, హైకోర్టు విచారణలో గానీ ఎవరూ దాని పేరెత్తలేదు. 1964లో సుప్రీంకోర్టులో సుబ్బారావు, శిక్ష కాఠిన్యాన్ని తగ్గించే చట్టం వెనకటి నేరానికీ వర్తించొచ్చన్నారు. కేసుని హైకోర్టుకి తిప్పి పంపారు. బెంచిలో రఘువర్ దయాళ్ ఒప్పుకోలేదు.

ఆ పాప అమ్మానాన్నల వైపు నుంచి చూస్తే నా మనసూ ఒప్పుకోదు. అయినా ఆ తీర్పు విలువ అక్కడే ఉందనిపిస్తుంది. జాలి పుట్టించే కుర్రాడికే వర్తించేదైతే అది చట్టం కాదు, దయ.

దయ ఎలా పనిచేస్తుందో కూడా మన రాష్ట్రమే చూపించింది. 2005లో కర్నూలు జిల్లా కాంగ్రెస్ నాయకుడొకరికి గవర్నర్ మిగిలిన శిక్ష మాఫీ చేశారు. ఫైల్లోని ఒక నివేదికలో ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అని కూడా రాసి ఉంది. హతుడి కొడుకు కోర్టుకెక్కాడు. 2006 అక్టోబర్ 11న ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాఫీని కొట్టేసింది.

ఆగస్టు 15కో, గాంధీ జయంతికో విడుదల జాబితాలొస్తే టీవీల్లో చర్చలు పెడతాం. ఎవరి పలుకుబడి ఎంతని లెక్కలేస్తాం. ప్రొబేషన్‌కి పలుకుబడి అక్కర్లేదు, అందుకే దానికి వార్త కూడా లేదు. కానీ గుర్గావ్ కుర్రాడి కేసు చెప్పిందేంటంటే, చట్టం ఉన్నా అడిగేవాళ్లు లేకపోతే అది కాగితమే. తాడేపల్లిగూడెం కోర్టులో మొదటిసారి బోనెక్కిన పందొమ్మిదేళ్ల కుర్రాడికి కావలసింది గవర్నర్ సంతకం కాదు. శిక్ష ఖరారు చేసేముందు, "ప్రొబేషన్ అధికారి రిపోర్టు తెప్పించండి సార్" అని ఒక్క మాట అడిగే వకీలు.