ఇంటి పర్మిషన్: 21 రోజుల గడియారం ఏం లెక్కపెడుతుంది, ఏం వదిలేస్తుంది?

మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్ అనగానే ఒకప్పుడు జనానికి గుర్తొచ్చేవి రెండే. ఒకటి ఫైలు, రెండోది దాన్ని కదిలించే మనిషి. ప్లాన్ కాగితాలు ఇచ్చొచ్చాక ‘సార్ ఫీల్డుకెళ్లారు’, ‘ఫైలు పైకెళ్లింది’ అనే జవాబులతోనే నెలలు గడిచేవి. ఫైలు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులు పడుకుందో రాసిపెట్టేవాళ్లు లేరు. లెక్క లేని చోట ఎవరినీ అడగడానికీ ఉండదు.

ఆ లెక్క మొదలుపెట్టడమే ఈ పదేళ్లలో వచ్చిన పెద్ద మార్పు. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం, ఆ తర్వాత 2020లో టీఎస్-బీపాస్ చట్టం ఇంటి అనుమతికి గడువు పెట్టాయి. 2020 నవంబర్ 16న బీపాస్ ఆన్‌లైన్ విధానం మొదలైంది. రాష్ట్రం కోడ్ మారాక దాన్నే టీజీ-బీపాస్ అంటున్నారు. 2025లో జీహెచ్ఎంసీ పరిధిలో ‘బిల్డ్ నౌ’ అనే కొత్త విధానం వచ్చి, డ్రాయింగుల పరిశీలనను కంప్యూటర్‌కు అప్పగించింది. పేర్లు మారినా లోపలి ఆలోచన ఒకటే. దరఖాస్తు ఎప్పుడొచ్చింది, ఎవరి దగ్గర ఆగింది, ఎప్పుడు బయటికెళ్లింది అన్నది తారీఖులతో సహా నమోదు కావాలి.

చట్టం ప్లాట్లను మూడు వరసలుగా విడగొట్టింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకునేవాళ్లకు అసలు పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. పాతబస్తీ గల్లీల్లోనూ, పట్నాల అంచున ఉన్న బస్తీల్లోనూ ఇలాంటి చిన్న జాగాలే ఎక్కువ కాబట్టి ఈ ఒక్క మాట చాలామంది పేదలకు పనికొచ్చింది. 500 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఉండే ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద అప్పటికప్పుడు అనుమతి వస్తుంది. అంతకు మించిన వాటికి సింగిల్ విండోలో 21 రోజుల గడువు. ఈలోగా అధికారులు ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. దీన్నే డీమ్డ్ అప్రూవల్ అంటారు. ఆలస్యానికి కారణమైన ఉద్యోగి మీద చర్య తీసుకునే వీలు కూడా చట్టంలోనే ఉంది. జిల్లాల్లో కలెక్టర్, హైదరాబాద్‌లో జోనల్ కమిషనర్ స్థాయిలో దీన్ని కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు చేశారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గిందని ఇల్లు కట్టుకున్నవాళ్లే చెప్తారు. అయితే గడియారం పెట్టినప్పుడు దాని ముల్లు ఎటు తిరుగుతోందో కూడా చూడాలి.

సొంత ధ్రువీకరణతో నిమిషాల్లో వచ్చే అనుమతిని ఆఫీసు పనితీరుకు గుర్తుగా చూపించడం అంత సబబు కాదు. అక్కడ ఆఫీసు చేసిన పనేమీ లేదు. ‘ఈ జాగా నాది, ఇది సర్కారు భూమి కాదు, చెరువు శిఖం కాదు, సెట్‌బ్యాక్‌లు ఇలా వదులుతున్నాను’ అని రాసిచ్చింది యజమానే. ఆఫీసు పని ఆ తర్వాతే మొదలవుతుంది. అనుమతి వచ్చిన 21 రోజుల్లోగా సిబ్బంది స్థలానికి వెళ్లి, రాసిచ్చినదంతా నిజమో కాదో చూడాలి, అబద్ధమని తేలితే అనుమతి రద్దు చేయాలి. కాబట్టి ఈ వరసలో అడగాల్సిన ప్రశ్న ‘ఎన్ని నిమిషాల్లో ఇచ్చారు’ అని కాదు. ‘ఎన్ని స్థలాలకు నిజంగా వెళ్లి చూశారు’ అని.

పెద్ద భవనాల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. గడువులోగా ‘తేల్చడం’ అంటే అనుమతి ఇవ్వడమే కానక్కర్లేదు, తిరస్కరించినా తేల్చినట్టే. ఏదో కాగితం తక్కువైందని ఇరవయ్యో రోజున వెనక్కి పంపితే రికార్డులో ఆ దరఖాస్తు టైముకే పూర్తయినట్టు కనిపిస్తుంది. దరఖాస్తుదారుడు మాత్రం మళ్లీ ఒకటో రోజుకొస్తాడు. శాతాలు మాత్రమే చూసే పై అధికారికి ఈ తేడా తెలియదు.

ఇంగ్లాండులో ఎలా కొలుస్తారు

ఇలాంటి గడియారంతో ఎక్కువ కాలం కాపురం చేసిన దేశం ఇంగ్లాండు. అక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు వెనకవైపు పరిమితి దాటి గది వేసుకోవాలన్నా, పైన అంతస్తు ఎత్తాలన్నా స్థానిక కౌన్సిల్ ప్లానింగ్ విభాగానికే దరఖాస్తు పెట్టాలి. మామూలు దరఖాస్తుకు 8 వారాలు, పెద్ద ప్రాజెక్టుకు 13 వారాలు, పర్యావరణ నివేదిక అవసరమైతే 16 వారాలు గడువు. ప్రతి కౌన్సిలూ మూడు నెలలకోసారి తన లెక్కలు కేంద్ర ప్రభుత్వానికి పంపుతుంది, వాటిని ప్రభుత్వం అందరికీ కనపడేలా ప్రచురిస్తుంది. చాలా కౌన్సిళ్లలో ఇదే నివేదిక ఎన్నికైన సభ్యుల కమిటీ ముందుకూ వస్తుంది. ఎన్ని దరఖాస్తులు తేల్చారు, ఎంత శాతం గడువులో తేల్చారు, అప్పీళ్లలో ఎన్ని ఓడిపోయారు, అక్రమ కట్టడాల ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని మూసేశారు అన్నవి అందులో ఉంటాయి.

లెక్కతో పాటు శిక్ష కూడా ఉంది. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రెండేళ్ల లెక్కలో పెద్ద దరఖాస్తుల్లో 60 శాతం, మిగతావాటిలో 70 శాతం గడువులో తేల్చలేని కౌన్సిల్‌ను ప్రభుత్వం వెనకబడినదిగా ప్రకటించవచ్చు. అప్పుడు దరఖాస్తుదారులు కౌన్సిల్‌ను పక్కనపెట్టి నేరుగా కేంద్రంలోని ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు పోవచ్చు. మొదట ఈ దెబ్బ తిన్నది బ్లాబీ కౌన్సిల్, 2013లోనే. 2024లో బ్రిస్టల్ లాంటి పెద్ద నగరం కూడా ఈ జాబితాకెక్కింది. వేగం ఒక్కటే చాలదని నాణ్యతకూ కొలత పెట్టారు. కౌన్సిల్ నిర్ణయాల్లో 10 శాతానికి మించి అప్పీలులో తారుమారైతే అదీ తప్పే. 2022లో అట్ల్స్‌ఫర్డ్ కౌన్సిల్‌కు తగిలింది ఈ రెండో దెబ్బే.

అక్కడా సందులు లేకపోలేదు. గడువు దాటేలా ఉందనిపిస్తే కౌన్సిల్ దరఖాస్తుదారుడిని అడిగి గడువు పొడిగింపు ఒప్పందం రాయించుకోవచ్చు. పొడిగించిన తారీఖులోపు తేల్చినా ‘టైముకే’ తేల్చినట్టు లెక్కలోకొస్తుంది. కాదంటే ఎక్కడ తిరస్కరిస్తారోనని జనం ఒప్పుకుంటారు. దాంతో పైకి కనిపించే శాతానికీ, అసలు 8 వారాల్లో తేలిన వాటి శాతానికీ పొంతన ఉండదు.

రెండో సంగతి అంతకంటే ముఖ్యం. అప్పీలుకు వెళ్లే హక్కు దరఖాస్తుదారుడికే ఉంది, పక్కింటివాడికి లేదు. అంటే కౌన్సిల్ తప్పుగా తిరస్కరిస్తే అది నాణ్యత లెక్కలో పడుతుంది, తప్పుగా అనుమతిస్తే పడదు. పొరుగువాడు గట్టిగా పోరాడాలంటే కోర్టు ఖర్చు భరించాలి.

మనకూ అక్కడికీ ఉన్న పెద్ద తేడా మౌనం విలువలో ఉంది. తెలంగాణలో 22వ రోజున ఆఫీసు మౌనం అంగీకారం అవుతుంది. ఇంగ్లాండులో కాదు. గడువు దాటితే అప్పీలుకు పోవచ్చు, మరీ ఆలస్యమైతే కట్టిన ఫీజు వెనక్కి అడగవచ్చు, అంతే. ఎవరూ చూడని ప్లాన్ మీద ఇల్లు లేవదు. మన పద్ధతి దరఖాస్తుదారుడికి మేలు చేసేదే, కానీ ఆ మౌనం వెనక జరిగిన పొరపాటు బరువును చివరికి ఫ్లాట్ కొన్నవాడే మోస్తాడు.

పర్మిషన్ తర్వాత సంగతి

ఇల్లు కొనేవాడికి అసలు నష్టం జరిగేది ఇక్కడే. జీ ప్లస్ టూకి పర్మిషన్ తీసుకుని నాలుగో అంతస్తు లేపడం, సెట్‌బ్యాక్ మింగేయడం, పార్కింగ్ జాగాలో దుకాణాలు దించడం, పైన పెంట్‌హౌస్ వేయడం హైదరాబాద్‌లో కొత్త కాదు. దీన్ని ఆపడానికే 2012 నాటి జీవో 168లో ఒక కట్టడి పెట్టారు. మరీ చిన్న ఇళ్లను మినహాయించి, మిగతా భవనాల్లో 10 శాతం నిర్మిత స్థలాన్ని మున్సిపాలిటీ పేర తాకట్టు పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే ఆ తాకట్టు విడుస్తారు. వాడుకలో ఓసీ అంటున్నది ఈ సర్టిఫికెట్‌నే. దాన్ని కూడా 15 రోజుల్లో ఇవ్వాలని కొత్త చట్టంలో రాశారు. కానీ అడిగినవాళ్లకే గడువు. అసలు ఓసీ అడగని భవనాల మీద ఏ గడియారమూ నడవదు.

ఒక పట్నం ప్లానింగ్ విభాగం నిజంగా ఎలా పనిచేస్తోందో తెలియాలంటే ఒక చిన్న తీసివేత చాలు. ఒక ఏడాది ఇచ్చిన అనుమతులెన్ని, ఆ భవనాలు పూర్తయ్యే నాటికి ఇచ్చిన ఓసీలెన్ని? ఈ రెంటి మధ్య ఎంత ఎడం ఉంటే, ప్లాన్‌లో ఒకలా గోడల్లో ఒకలా ఉన్న ఇళ్లు అన్ని ఉన్నాయని అనుమానించాలి. వేగం గురించి చేసినంత ప్రచారం ఈ అంకెకు ఎవరూ చేయరు.

ఈ ఎడాన్ని పూడ్చడానికి సర్కార్లు ఎంచుకున్న దారి క్రమబద్ధీకరణ. ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్, తెలంగాణలో 2015లో బీఆర్ఎస్ తెచ్చారు. 2015 పథకం హైకోర్టు కేసుల్లో చిక్కుకుని దరఖాస్తుదారులను ఏళ్ల తరబడి వేలాడదీసింది. ప్లాట్ల కోసం 2020లో తెచ్చిన ఎల్ఆర్ఎస్‌కు 25 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. వాటిని కదిలించడానికి 2025లో ఫీజు మీద 25 శాతం రాయితీ ప్రకటించాల్సొచ్చింది. అదే రాష్ట్రంలో, అదే శాఖలో ఒక ఫైలుకు 21 రోజులైతే ఇంకో ఫైలుకు ఐదేళ్లు. మొదటిదానికి గడియారం ఉంది, రెండోదానికి లేదు. ఇంకో అపోహ కూడా ఉంది. అనుమతి లేని ఇంటికి మున్సిపాలిటీ పెనాల్టీతో కలిపి ఆస్తి పన్ను వసూలు చేస్తుంది. ఆ రసీదు చూపించి ‘మా ఇల్లు రెగ్యులర్ అయిపోయింది’ అనుకుంటే పొరపాటే.

ఇక చెరువుల సంగతి. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక కూల్చివేతలు జరిగిన కొన్నిచోట్ల యజమానులు ‘మాకు పర్మిషన్ ఉంది’ అని కాగితాలు చూపించారు. అలాంటి అనుమతులిచ్చిన కొందరు అధికారుల మీద కేసులు కూడా నమోదయ్యాయి. ఆ అనుమతులు గడువులోపు ఇచ్చినవే అయితే, పనితీరు పట్టికలో అవి మంచి మార్కులుగానే పడి ఉంటాయి. ఎన్ని అనుమతులు తర్వాత తప్పని తేలాయి అన్న అంకె ఆ పట్టికలో లేకపోతే ఇలాగే అవుతుంది.

సుప్రీంకోర్టు 2024లో ఇచ్చిన రెండు తీర్పులు ఈ విషయంలో తెలిసి ఉండాలి. నవంబర్ 13 నాటి తీర్పు ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వకుండా, యజమాని మాట వినకుండా ఇల్లు కూల్చకూడదు. రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్కన, నది లేదా నీటి వనరులో ఉన్న అక్రమ కట్టడాలకు, కోర్టు ఆదేశించిన కూల్చివేతలకు ఇది వర్తించదు. బీపాస్ చట్టంలో నోటీసు లేకుండానే తొలగించవచ్చనే నిబంధన ఉంది కాబట్టి, ఆ నిబంధనను ఇప్పుడు ఈ తీర్పుతో కలిపి చదువుకోవాలి. డిసెంబర్ 17 నాటి తీర్పు అధికారుల వైపు తిరిగింది. కడుతున్న చోట మంజూరైన ప్లాన్‌ను పనులు పూర్తయ్యేదాకా అందరికీ కనపడేలా పెట్టాలి. అధికారులు మధ్యమధ్యలో తనిఖీ చేసి రికార్డు ఉంచాలి. స్వయంగా చూశాకే ఓసీ ఇవ్వాలి. ఓసీ చూపించాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు కూడా ఓసీ చూసుకునే అప్పు ఇవ్వాలి. తప్పుగా ఓసీ ఇచ్చిన అధికారి మీద శాఖాపరమైన చర్య ఉండాలి.

ఆ తీర్పులో చెప్పిన తనిఖీ రికార్డును మున్సిపాలిటీ నుంచి ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ ఫీజు కూడా లేదు. ఫ్లాట్‌కు బయానా ఇచ్చే ముందు అడగదగ్గవి నాలుగున్నాయి: మంజూరైన ప్లాన్ నకలు, అనుమతి తర్వాత జరిగిన తనిఖీ తారీఖు, తాకట్టులో ఉన్న 10 శాతం ఏ అంతస్తులో ఏ ఫ్లాటు, ఓసీ నంబరు. తాకట్టులో ఉన్న ఫ్లాట్‌నే అమ్మకానికి పెట్టిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి మూడోదాన్ని మాత్రం మర్చిపోవద్దు.