వయ్యారిభామ

పొలం గట్ల మీద, రైలు కట్టల పక్కన, ఖాళీ స్థలాల్లో తెల్లని చిరుపూలతో ఊగే విషపు కలుపు మొక్క. శాస్త్రనామం పార్థీనియం హిస్టరోఫోరస్. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు గానీ ఇది గడ్డిజాతి కాదు.

పుణెలో కనిపించిన ఈ మొక్కను వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్.ఎస్. రావు 1956లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భారతదేశానికి కొత్తదిగా నమోదు చేశారు. అమెరికా గోధుమలతో కలిసి దిగిందన్న మాట అప్పటి నుంచీ జనంలో స్థిరపడింది. అయితే 1814లో అచ్చయిన, వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో కూర్చిన కలకత్తా తోట మొక్కల జాబితాలోనే దీని పేరుంది. అంటే మొక్క ముందే వచ్చింది, పొలాల మీద పడ్డాకే దాన్ని పట్టించుకున్నారు. 1975లో కర్ణాటక దీన్ని హానికర కలుపుగా ప్రకటించింది.

గుర్తుపట్టాల్సింది పూత రాకముందే. వానలకు మొలిచిన కొత్తలో ఆకులు నేలకు అంటుకొని చక్రంలా పరుచుకుంటాయి. క్యారెట్ ఆకులా లోతుగా చీలి ఉంటాయి. తర్వాత నిలువు గాడులతో, నూగుతో కాండం లేచి పైన గుబురుగా కొమ్మలు వేస్తుంది. అరసెంటీమీటరు కూడా లేని పూగుత్తిని దగ్గరగా చూస్తే అంచున అయిదు మూలలు తేలతాయి. నెల రోజులకే పూత మొదలవుతుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది.

వినాయక చవితి పత్రిలోని మాచిపత్రితో పోలిక ఉండటం వల్ల పొరపాటు జరిగే ప్రమాదం ఉంది. మాచిపత్రి ఆకు నలిపితే సువాసన వస్తుంది, అడుగున తెల్లని నూగు ఉంటుంది. అనుమానం ఉంటే కోయకపోవడమే మంచిది. వయ్యారిభామలోని పార్థీనిన్ అనే విషపదార్థం వల్ల కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో దురద, దద్దుర్లు వస్తాయి. ఎండిన తునకలు గాలిలో ఎగురుతాయి కాబట్టి ముట్టుకోనివారికీ ముప్పే. మేసిన పశువుల పాలు చేదెక్కుతాయి.

చేతి తొడుగులతో, నేల తడిగా ఉన్నప్పుడు, పూతకు ముందే వేళ్లతో పీకాలి. ఆకులు తినే మెక్సికన్ పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. అది వానకాలంలో మొక్కను మోడు చేయగలదు. పొడి కాలంలో మాత్రం పురుగు మట్టిలో దాక్కుంటుంది; కాస్త తడి దొరికిన చోటల్లా వయ్యారిభామ మొలుస్తూనే ఉంటుంది.